పోస్ట్‌గ్రెస్ ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్‌లో రేట్ల పట్టికను క్యాష్ చేయడం: సమగ్ర మార్గదర్శి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు పట్టుబడి జరిగేటప్పుడు, క్రేటు కాటా మీద పెట్టిన ప్రతిసారీ ఎవరూ ఆఫీసుకు ఫోన్ చేసి రేటు అడగరు. ఆ రోజు రేట్ల చీటీ జేబులోనే ఉంటుంది. సీ భాషలో రాసిన డేటాబేస్ ఫంక్షన్‌కి మాత్రం ఆ చీటీ మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే లక్ష క్రేట్ల బిల్లుకు లక్ష సార్లు పట్టికలోకి వెళ్లి అడుగుతుంది. చీటీ జేబులో పెట్టడం, అంటే పట్టికను ఒకసారి చదివి మెమరీలో దాచుకోవడం (క్యాష్), పది లైన్ల కోడ్. దాన్ని ఎప్పుడు చించెయ్యాలన్నదే కష్టం. కింద చెప్పే జాగ్రత్తల్లో ముప్పాతిక వంతు దానికి సంబంధించినవే.

ఇక్కడ చెప్పేదంతా పోస్ట్‌గ్రెస్ (పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్) 14, ఆ తర్వాతి వెర్షన్లకు వర్తిస్తుంది. ఫంక్షన్ల, మాక్రోల పేర్లు తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాం. అసలు పేరులో అండర్‌స్కోర్ ఉన్నచోట అలాగే ఉంచాం, హెడర్ ఫైళ్లలో వెతుక్కోవడం తేలికవుతుందని.

ఉదాహరణగా తీసుకున్న పని

కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది. కౌంట్ పెరిగేకొద్దీ కిలో ధర తగ్గుతుంది. రేట్ల పట్టిక 30, 40, 50 అంటూ పదుల్లో ఉంటుంది. కాటా దగ్గర తేలేది మాత్రం ఏ 43 కౌంటో, 57 కౌంటో. 43కి 40కీ 50కీ మధ్య లెక్క కట్టాలా, 50 రేటే ఇవ్వాలా అన్నది కొనేవాళ్లకీ రైతుకీ ఉన్న ఒప్పందం. ఆ ఒప్పందాన్ని ఒకే చోట, ఒకే రకంగా అమలు చేయడానికే ఈ ఫంక్షన్.

పట్టిక పేరు ఆక్వా.రేట్లు. అందులో మూడే కాలమ్స్: తేదీ, కౌంట్, పైసలు. ధరను రూపాయల్లో న్యూమరిక్‌గా కాకుండా పైసల్లో బిగ్‌ఇంట్‌గా పెట్టడం కావాలని చేసిందే. న్యూమరిక్ విలువ పాయింటర్ ద్వారా వస్తుంది కాబట్టి కాపీ చేసుకునే బాధ ఒకటి మీద పడుతుంది. 64 బిట్ యంత్రాల మీద బిగ్‌ఇంట్ నేరుగా విలువగానే వస్తుంది. మధ్య లెక్క కూడా పూర్ణాంకాల్లోనే అయిపోతుంది. 40 కౌంట్ 38,000 పైసలు, 50 కౌంట్ 35,000 పైసలు అనుకుందాం (ఈ అంకెలు లెక్క కోసమే). 43 కౌంట్‌కి తేడా 3,000లో పదింట మూడు వంతులు తగ్గిస్తే 37,100 పైసలు. గుణకారం ముందు, భాగహారం తర్వాత చేయండి. తలకిందులైతే పూర్ణాంక భాగహారం పైసల్ని మింగేస్తుంది.

పట్టికకు తెలుగు పేరు పెట్టడం పోస్ట్‌గ్రెస్‌లో చెల్లుతుంది. అయితే పేరుకి పరిమితి 63 బైట్లు. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ 3 బైట్లు తింటాయి. అంటే 21 గుర్తులకే హద్దు వచ్చేస్తుంది, మిగిలింది నోటీసు ఒకటి చూపించి కత్తిరించేస్తుంది.

ముందు జాయిన్‌తో పని అవుతుందేమో చూడండి

పని కేవలం కోడ్ ఇచ్చి విలువ తెచ్చుకోవడమే అయితే ఫంక్షన్ వద్దు, క్యాష్ వద్దు. చిన్న పట్టికతో జాయిన్ చేస్తే ప్లానర్ (క్వెరీని ఎలా నడపాలో తేల్చే భాగం) హాష్ జాయిన్ వేస్తుంది. పట్టికను ఒక్కసారి చదివి మెమరీలో హాష్ కట్టుకుంటుంది. మనం చేతితో చేయబోయేదీ అదే, పైగా తాజాదనం గురించి మనం దిగులు పడక్కర్లేదు. మధ్య రేటు లెక్కలాంటి తర్కం ఉన్నప్పుడు, అదే తర్కం ట్రిగ్గర్లలోనూ రిపోర్టుల్లోనూ మొబైల్ యాప్ క్వెరీల్లోనూ ఒకేలా నడవాలన్నప్పుడు మాత్రమే సీ ఫంక్షన్ దాకా రండి.

ఎంతకాలం దాచాలి

క్యాష్‌కి రెండు ఆయుష్షులున్నాయి: క్వెరీ ఉన్నంతసేపు, లేదా కనెక్షన్ ఉన్నంతకాలం. ఏది కావాలో మూడు విషయాలు చెబుతాయి.

రాత్రి బిల్లింగ్‌లో ఒక క్వెరీ వేల వరుసల మీద నడుస్తుంది. అక్కడ క్వెరీ ఆయుష్షు చాలు. పట్టిక ఒక్కసారి చదివినా ఖర్చు వేల వరుసల మీద పరుచుకుంటుంది. గట్టు మీద నుంచి ఫోన్‌లో వచ్చే క్వెరీ ఒక్క వరుసకే. అక్కడ క్వెరీ క్యాష్ వల్ల లాభం సున్నా, నిజానికి నష్టం: ఒక్క రేటు కోసం పట్టిక మొత్తం చదువుతుంది. దానికి కనెక్షన్ క్యాష్ కావాలి, లేదా ఇండెక్స్‌తో ఒక మామూలు సెలెక్ట్ చాలు.

మూడోది, విలువ ఎంత తరచుగా మారుతుంది. రొయ్య రేటు రోజూ మారుతుంది. ధాన్యం మద్దతు ధర సీజన్‌కోసారి: 2025-26కి సాధారణ రకం క్వింటాలు 2,369 రూపాయలు, గ్రేడ్ ఎ 2,389, తేమ హద్దు 17 శాతం. మద్దతు ధరను కనెక్షన్ అంతా దాచినా పెద్దగా ప్రమాదం లేదు. రొయ్య రేటును అలా దాస్తే మధ్యాహ్నం మారిన రేటుకు సాయంత్రం కూడా పొద్దుటి బిల్లే వస్తుంది, ఆ గొడవ రైతు దగ్గర తేలదు.

మా సలహా: క్వెరీ క్యాష్‌తో మొదలుపెట్టండి. కొలిచి చూశాక అవసరం కనబడితేనే కనెక్షన్ క్యాష్‌కి వెళ్లండి. మొదటిది తప్పు రాయడం కష్టం, రెండోది సరిగ్గా రాయడం కష్టం.

మెమరీ లెక్క కూడా ఇప్పుడే వేసుకోండి. తేదీ 4 బైట్లు, కౌంట్ 4, పైసలు 8, కలిపి వరుసకు 16 బైట్లు. రోజుకు 8 కౌంట్లు, 365 రోజులు అంటే 2,920 వరుసలు, 46,720 బైట్లు. 100 కనెక్షన్లున్నా 5 ఎంబీ లోపే. అదే ఊరూ రకమూ రోజూ కలిపి 5 లక్షల వరుసలు, వరుసకు 100 బైట్లు అయితే కనెక్షన్‌కి 50 ఎంబీ, 100 కనెక్షన్లకు 5 జీబీ. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి కనెక్షన్ వేరే ప్రాసెస్, క్యాష్ ఎవరిది వారిదే. అంత పెద్ద పట్టికను మొత్తంగా దాచకండి.

1వ మెట్టు: ఎక్స్‌టెన్షన్ చట్రం

డెబియన్, ఉబుంటుల్లో మీ వెర్షన్‌కి తగిన సర్వర్-డెవ్ ప్యాకేజీ, సీ కంపైలర్, మేక్ కావాలి. నాలుగు ఫైళ్లు: సీ కోడ్, మేక్‌ఫైల్, కంట్రోల్ ఫైల్, వెర్షన్ పేరుతో ఎస్‌క్యూఎల్ ఫైల్. మేక్‌ఫైల్‌లో మాడ్యూల్స్, ఎక్స్‌టెన్షన్, డేటా అనే మూడు చలరాశులు నింపి, పీజీ_కాన్ఫిగ్ ఇచ్చే పీజీఎక్స్‌ఎస్ ఫైల్‌ని ఇన్‌క్లూడ్ చేస్తే మిగతాది అదే చూసుకుంటుంది. యంత్రంలో రెండు పోస్ట్‌గ్రెస్ వెర్షన్లుంటే ఏ పీజీ_కాన్ఫిగ్ నడుస్తోందో చూసుకోండి. ఒక వెర్షన్‌కి కట్టిన లైబ్రరీని ఇంకోదానిలో ఎక్కించబోతే పీజీ_మాడ్యూల్_మ్యాజిక్ సరిపోల్చి తిరస్కరిస్తుంది.

సీ ఫైల్లో ఆ మ్యాజిక్ మాక్రో ఒక్కసారి, ప్రతి ఫంక్షన్‌కీ పీజీ_ఫంక్షన్_ఇన్ఫో_వీ1 ఒకసారి.

2వ మెట్టు: దాచే చోటు

ప్రతి కాల్‌లోనూ ఫంక్షన్‌కి ఎఫ్‌సీఇన్ఫో (ఆ కాల్ వివరాలున్న స్ట్రక్ట్) అందుతుంది. దాని లోపల ఎఫ్‌ఎల్‌ఇన్ఫో (ఫంక్షన్ వివరాలు), ఆ లోపల మనకు కావలసినవి రెండు: ఎఫ్‌ఎన్_ఎక్స్‌ట్రా, ఎఫ్‌ఎన్_ఎంసీఎక్స్‌టీ. మొదటిది మన ఇష్టానికి వదిలేసిన ఖాళీ పాయింటర్, మొదట్లో నల్. రెండోది ఆ పాయింటర్ బతికినంతకాలం బతికే మెమరీ కాంటెక్స్ట్, అంటే అంతా కలిపి ఒకేసారి విడిచిపెట్టే మెమరీ సంచి.

ఫంక్షన్‌లోకి అడుగుపెట్టేసరికి కరెంట్ మెమరీ కాంటెక్స్ట్ సాధారణంగా వరుసకోసారి తుడిచిపెట్టేది. మామూలుగా పీఅలాక్ చేసి (కరెంట్ కాంటెక్స్ట్‌లో మెమరీ తీసుకుని) ఆ చిరునామాను ఎఫ్‌ఎన్_ఎక్స్‌ట్రాలో పెడితే మొదటి వరుసకి సరైన జవాబే వస్తుంది, రెండో వరుసకి చెత్త వస్తుంది. ఒక్క వరుసతో పరీక్షిస్తే ఈ తప్పు ఎప్పటికీ బయటపడదు. అందుకని దాచే ప్రతి బైటూ మెమరీకాంటెక్స్ట్‌అలాక్‌తో, ఎఫ్‌ఎన్_ఎంసీఎక్స్‌టీ పేరు చెప్పి తీసుకోండి. పోస్ట్‌గ్రెస్‌ను క్యాసెర్ట్ ఆప్షన్‌తో కట్టుకుని పరీక్షిస్తే, విడిచిన మెమరీని అది వేరే విలువతో నింపేస్తుంది కాబట్టి ఇలాంటివి వెంటనే పట్టుబడతాయి.

ఒకే క్వెరీలో ఫంక్షన్‌ని రెండు చోట్ల పిలిస్తే ఎఫ్‌ఎల్‌ఇన్ఫోలు రెండు, క్యాష్‌లు కూడా రెండు. తప్పేమీ లేదు, లోడ్ రెండుసార్లు జరిగిందని కంగారు పడకండి.

3వ మెట్టు: పట్టికను చదవడం

మొదటి కాల్‌లో ఎఫ్‌ఎన్_ఎక్స్‌ట్రా నల్‌గా ఉంటే ఈ వరుసలో నడవండి.

ఎస్‌పీఐ_కనెక్ట్ పిలవండి (ఎస్‌పీఐ అంటే సీ కోడ్ లోపల నుంచి ఎస్‌క్యూఎల్ నడిపే పోస్ట్‌గ్రెస్ ఏర్పాటు). ఆ క్షణం నుంచి కరెంట్ కాంటెక్స్ట్ ఎస్‌పీఐ సొంతం. అందులో తీసుకున్నదంతా ఎస్‌పీఐ_ఫినిష్‌తో పోతుంది, ఫలితాల పట్టికతో సహా. ఎస్‌పీఐ_పీఅలాక్ అని ఒకటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. అది ఇచ్చేది కనెక్ట్‌కి ముందున్న కాంటెక్స్ట్‌లో మెమరీ, అంటే మళ్లీ వరుసకోసారి తుడిచేదే.

ఎస్‌పీఐ_ఎగ్జిక్యూట్‌తో తేదీ, కౌంట్, పైసలు తెచ్చుకోండి. రీడ్ ఓన్లీ ఆర్గ్యుమెంట్ ట్రూ, వరుసల పరిమితి 0. రీడ్ ఓన్లీ అంటే పిలిచిన క్వెరీ చూస్తున్న స్నాప్‌షాట్‌నే (ఒక క్షణానికి డేటా ఎలా ఉందో ఆ రూపాన్నే) మనమూ చూస్తాం, రెండింటికీ పొంతన ఉంటుంది. పట్టిక పేరు ముందు స్కీమా తప్పకుండా రాయండి. లేకపోతే సెర్చ్ పాత్‌లో ముందున్న స్కీమాలో ఎవరైనా రేట్లు అనే ఇంకో పట్టిక పెడితే బిల్లు దాని ప్రకారం వస్తుంది. మూడు కాలమ్స్‌నీ క్వెరీలోనే డేట్, ఇంట్4, ఇంట్8గా క్యాస్ట్ చేయండి. రేపెవరో పైసల కాలమ్‌ని న్యూమరిక్‌గా మార్చినా డేటమ్‌గెట్‌ఇంట్64 ఒక పాయింటర్‌ని పట్టుకుని ధర అనుకోదు. తేదీ, కౌంట్ వరుసలో ఆర్డర్ బై పెట్టండి.

తిరిగొచ్చిన కోడ్ ఎస్‌పీఐ_ఓకే_సెలెక్ట్ అవునో కాదో చూసి, ఎస్‌పీఐ_ప్రాసెస్డ్‌లో ఉన్న సంఖ్యకు సరిపడా అరేను ఎఫ్‌ఎన్_ఎంసీఎక్స్‌టీలో ఒకేసారి తీసుకోండి. ఎస్‌పీఐ_గెట్‌బిన్‌వాల్‌తో ఒక్కో విలువా తీసి నింపండి. నల్ గుర్తు వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోండి. రేటు లేని వరుసను సున్నా ధరగా మింగేయడం కన్నా అది నయం.

ఎస్‌పీఐ_ఫినిష్ అయ్యాక, అన్నిటికన్నా చివర, ఎఫ్‌ఎన్_ఎక్స్‌ట్రాలో పాయింటర్ పెట్టండి. మధ్యలో ఎర్రర్ వస్తే సగం నిండిన అరే ఎవరి చేతికీ చిక్కకూడదు.

పట్టిక ఖాళీగా ఉంటే? అరే పాయింటర్ ఒక్కటే దాచుకుంటే ఖాళీ పట్టికకీ, ఇంకా చదవని స్థితికీ తేడా తెలియక వరుస వరుసకీ మళ్లీ చదువుతుంది. సంఖ్య, అరే చిరునామా ఉన్న చిన్న స్ట్రక్ట్‌ని దాచండి. సంఖ్య సున్నా అయినా స్ట్రక్ట్ ఉంటుంది.

4వ మెట్టు: వెతకడం

మూడు వేల వరుసలకి క్రమంలో ఉన్న అరే మీద బైనరీ సెర్చ్ చాలు. 12 పోలికలకు మించవు. పైగా మనకు కావలసింది ఖచ్చితంగా సరిపోయే వరుస కాదు, 43కి అటూ ఇటూ ఉన్న రెండు వరుసలు. హాష్ ఈ పని చేయలేదు. పట్టికలో ఉన్న కౌంట్లకు బయట, అంటే 25 కౌంటో 120 కౌంటో వస్తే ఊహించి లెక్క కట్టకండి. నల్ ఇవ్వాలో ఎర్రర్ ఇవ్వాలో ముందే తేల్చుకోండి. సెలవు రోజు రేటు లేకపోతే అంతకు ముందు రోజు రేటు వాడడం ఒప్పందమైతే, ఎన్ని రోజులు వెనక్కి పోవచ్చో హద్దు పెట్టండి.

కీ పాఠ్యం అయినప్పుడు, ఉదాహరణకు మండలం పేరుతో రవాణా ఖర్చు వెతికేటప్పుడు, పోస్ట్‌గ్రెస్ సొంత హాష్ అయిన హాష్_క్రియేట్ వాడొచ్చు. నాలుగు చోట్ల కాలు జారుతుంది. మొదటిది, హాష్_కాంటెక్స్ట్ ఫ్లాగ్, హెచ్‌సీఎక్స్‌టీ ఇవ్వకపోతే అది టాప్ మెమరీ కాంటెక్స్ట్ కింద పుడుతుంది, క్వెరీ అయిపోయినా పోదు. ప్రతి క్వెరీకీ ఒకటి చొప్పున కనెక్షన్ మూసేదాకా పేరుకుంటాయి. రెండోది, పాఠ్యపు కీకి హాష్_స్ట్రింగ్స్ ఫ్లాగ్ 14 నుంచి స్పష్టంగా చెప్పి తీరాలి. మూడోది, స్ట్రక్ట్‌ని కీగా హాష్_బ్లాబ్స్‌తో వాడితే మధ్యలో ఉన్న ఖాళీ బైట్లు కూడా పోలికలోకి వస్తాయి, ముందు మెమ్‌సెట్‌తో సున్నా చేయాలి.

నాలుగోది తెలుగువాళ్లకే ఎక్కువ తగులుతుంది: కీ పొడవు. కీసైజ్ 32 అని పెడితే చివరి నల్ పోను 31 బైట్లే పోలికలోకి వస్తాయి. "పాలకొల్లు"కి 27 బైట్లు, పడుతుంది. "రాజమహేంద్రవరం" ఒక్కటే 39 బైట్లు. రాజమహేంద్రవరం అర్బన్, రాజమహేంద్రవరం రూరల్ రెండు మండలాలూ 31 బైట్ల దగ్గర కత్తిరించుకుపోయి ఒకే కీ అయిపోతాయి. ఎర్రర్ రాదు, రెండో మండలం రేటు మొదటి దాని మీద కూర్చుంటుంది. ఇది చాలక, తెలుగు పాఠంలో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే ఒకేలా కనిపించే రెండు పేర్లు వేరు కీలవుతాయి. నార్మలైజ్ ఫంక్షన్ కూడా దాన్ని తీసేయదు. మండలానికి, ఊరికి పూర్ణాంక కోడ్‌నే కీ చేయండి. పేరు చూపించడానికే ఉండనివ్వండి.

పాఠ్యపు కీలతో బైనరీ సెర్చే వాడాలనుకుంటే ఆర్డర్ బైకి కొలేషన్ (అక్షరక్రమం నియమం) "సీ" చెప్పండి. డేటాబేస్ కొలేషన్ క్రమం వేరు, స్ట్రింగ్ కంపేర్ క్రమం వేరు. రెండూ కలవని చోట ఉన్న వరుస కూడా లేనట్టే కనబడుతుంది.

పాఠ్యాన్ని దాచేటప్పుడు ఇంకొక్కటి. డేటమ్‌కాపీ పెద్ద విలువల విషయంలో టోస్ట్ పట్టికకి (పెద్ద విలువల్ని ముక్కలుగా విడిగా దాచే చోటుకి) చూపే పాయింటర్‌ని మాత్రమే కాపీ చేయొచ్చు. కొన్నాళ్లకు వాక్యూమ్ అసలు ముక్కల్ని తీసేశాక "మిస్సింగ్ చంక్ నంబర్" ఎర్రర్ వస్తుంది. టెక్స్ట్‌డేటమ్‌గెట్‌సీస్ట్రింగ్‌తో విప్పి, మెమరీకాంటెక్స్ట్‌స్ట్ర్‌డప్‌తో మన కాంటెక్స్ట్‌లోకి తెచ్చుకుంటే ఈ బెడద లేదు.

5వ మెట్టు: ఎస్‌క్యూఎల్‌లో ప్రకటన

పట్టికను చదివే ఫంక్షన్ స్టేబుల్, అంటే ఒక క్వెరీలో ఒకే ఆర్గ్యుమెంట్‌కి ఒకే జవాబు; ఇమ్మ్యూటబుల్ అంటే ఎప్పటికీ ఒకే జవాబు. ఇమ్మ్యూటబుల్ అని రాస్తే వేగం పెరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ప్లానర్ విలువను ప్లాన్‌లోనే అచ్చేసేస్తుంది. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌లో నిన్నటి రేటు అలాగే మిగిలిపోతుంది. దాని మీద ఎవరైనా ఇండెక్స్ కడితే రేటు మారిన రోజు నుంచి ఇండెక్స్ అబద్ధం చెబుతుంది. స్ట్రిక్ట్ పెడితే నల్ ఆర్గ్యుమెంట్లకు మన కోడ్ దాకా రాదు. సీ ఫంక్షన్‌కి డిఫాల్ట్ కాస్ట్ 1. లోడ్ ఖర్చు ఉన్న ఫంక్షన్ కాబట్టి 100 దాకా పెంచితే, వేర్ షరతుల్లో ప్లానర్ దీన్ని చివరికి నెడుతుంది. క్వెరీ క్యాష్ మాత్రమే ఉంటే పారలల్ సేఫ్ అనొచ్చు. ప్రతి వర్కరూ తన క్యాష్ తాను నింపుకుంటుంది.

క్వెరీ క్యాష్ ఎక్కడ దెబ్బ తింటుంది

డైరెక్ట్‌ఫంక్షన్‌కాల్‌తో ఇంకో సీ ఫంక్షన్ మనల్ని పిలిస్తే ఎఫ్‌ఎల్‌ఇన్ఫో నల్. అది చూసుకోకుండా ఎఫ్‌ఎన్_ఎక్స్‌ట్రా ముట్టుకుంటే బ్యాకెండ్ ప్రాసెస్ కూలుతుంది, దానితో పోస్ట్‌మాస్టర్ (సర్వర్ ప్రధాన ప్రాసెస్) మిగతా కనెక్షన్లన్నిటినీ తెంపి రికవరీకి పోతుంది. ఒక్క ఇఫ్ ఖర్చుతో తప్పే ప్రమాదం. నల్ అయితే క్యాష్ లేకుండా నేరుగా చదవండి.

పట్టిక రూపంలో వరుసలు తిరిగిచ్చే ఫంక్షన్ అయితే ఎస్ఆర్‌ఎఫ్_ఫస్ట్‌కాల్_ఇనిట్ ఎఫ్‌ఎన్_ఎక్స్‌ట్రాని తనే వాడుకుంటుంది. అప్పుడు మన దాపరికం యూజర్_ఎఫ్‌సీటీఎక్స్‌లో, మెమరీ మల్టీ_కాల్_మెమరీ_సీటీఎక్స్ నుంచి.

పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ ప్రొసీజర్ల భాష) లోపల ధర := ఫంక్షన్(...) లాంటి సాదా అసైన్‌మెంట్‌లో ఎఫ్‌ఎల్‌ఇన్ఫో క్వెరీతో పోదు, ట్రాన్సాక్షన్ అంతా నిలుస్తుంది. అదే ట్రాన్సాక్షన్‌లో రేటు మార్చి, తర్వాత అదే లైన్‌ని మళ్లీ నడిపిస్తే పాత ధరే రావచ్చు. రేటు సరిచేసి బిల్లు మళ్లీ వేసే ప్రొసీజర్లలో ఇది కచ్చితంగా ఎదురవుతుంది. దీనికి మందు కింద 6వ మెట్టులో చెప్పే తరం అంకె, అంటే పట్టిక మారినప్పుడల్లా పెరిగే లెక్క.

6వ మెట్టు: కనెక్షన్ క్యాష్

స్టాటిక్ పాయింటర్ ఒకటి పెట్టి టాప్ మెమరీ కాంటెక్స్ట్‌లో నింపడం వరకు ఎవరైనా చేస్తారు. రేటు మారిందని ఆ పాయింటర్‌కి ఎలా తెలుస్తుంది? కొందరు ఐదు నిమిషాలకోసారి మళ్లీ చదివిస్తారు. అంటే ఐదు నిమిషాలు రెండు కనెక్షన్లు రెండు రేట్లు చెప్పొచ్చు. బిల్లుల దగ్గర మేం దాన్ని ఒప్పుకోం.

పోస్ట్‌గ్రెస్‌కి తన కేటలాగ్ క్యాష్‌ల కోసం ఇన్‌వాలిడేషన్ సందేశాల (దాచుకున్నది ఇక చెల్లదని చెప్పే సందేశాల) ఏర్పాటు ఉంది, దాన్నే మనమూ వాడుకోవచ్చు. క్యాష్‌రిజిస్టర్‌రెల్‌క్యాష్‌కాల్‌బ్యాక్‌తో ఒక కాల్‌బ్యాక్ నమోదు చేస్తే ఫలానా పట్టిక రెల్‌క్యాష్ (పట్టిక నిర్మాణ వివరాల క్యాష్) చెల్లదన్న సందేశం వచ్చినప్పుడు అది నడుస్తుంది. అయితే మామూలు ఇన్‌సర్ట్, అప్‌డేట్ ఈ సందేశం పంపవు. ఆల్టర్ టేబుల్ లాంటివే పంపుతాయి. చాలామంది కాల్‌బ్యాక్ పెట్టి, ఆల్టర్‌తో పరీక్షించి, పని చేస్తోందని తృప్తిపడి ఇక్కడే ఆగిపోతారు.

కాబట్టి రేట్ల పట్టిక మీద ఆఫ్టర్ ఇన్‌సర్ట్, అప్‌డేట్, డిలీట్, ట్రంకేట్ స్టేట్‌మెంట్ ట్రిగ్గర్ ఒకటి పెట్టండి. దాని సీ ఫంక్షన్‌లో చేసే పని ఒక్కటే: క్యాష్‌ఇన్‌వాలిడేట్‌రెల్‌క్యాష్‌కి టీజీ_రిలేషన్ ఇవ్వడం. సందేశం కమిట్ అయ్యాకే మిగతా కనెక్షన్లకు పోతుంది, రోల్‌బ్యాక్ అయితే బయటికే పోదు. మార్చిన కనెక్షన్‌కి మాత్రం ఆ స్టేట్‌మెంట్ అవగానే అందుతుంది, రోల్‌బ్యాక్ అయితే మళ్లీ అందుతుంది. ఫిజికల్ స్టాండ్‌బై మీద కూడా పని చేస్తుంది, ఎందుకంటే కమిట్ రికార్డుతోపాటు సందేశాలు కూడా వెళతాయి. లాజికల్ రెప్లికేషన్ మాత్రం వేరే కథ: అందుకునే వైపు స్టేట్‌మెంట్ ట్రిగ్గర్లు నడవవు. అక్కడ రో ట్రిగ్గర్ పెట్టి ఎనేబుల్ ఆల్వేస్ చేయాలి.

కాల్‌బ్యాక్‌లో పట్టిక చదవకండి, మెమరీ విడిచిపెట్టకండి. అది ఏ లాక్ తీసుకుంటున్నప్పుడో ఎక్కడి మధ్యలోనో నడుస్తుంది. తరం అంకెను ఒకటి పెంచి బయటికి వచ్చేయండి. రిలేషన్ ఓఐడీ (పట్టిక గుర్తింపు అంకె) మన పట్టికదైనా పెంచాలి, ఇన్‌వాలిడ్ఓఐడీ అయినా పెంచాలి. రెండోదానికి అర్థం సందేశాల క్యూ పొంగిపోయింది, అంతా చెల్లదనుకో అని. నమోదు కనెక్షన్‌కి ఒక్కసారే, ఎందుకంటే చోట్లు కొన్నే ఉన్నాయి, తీసేసే మార్గం లేదు. ప్రతి కాల్‌కీ నమోదు చేస్తే చోట్లు నిండి కనెక్షన్ ఫాటల్‌తో తెగుతుంది.

మళ్లీ చదివే క్రమం ముఖ్యం. ముందు ఇప్పటి తరం అంకెను పక్కన రాసుకోండి. తర్వాత గెట్‌లేటెస్ట్‌స్నాప్‌షాట్‌తో తాజా స్నాప్‌షాట్ తీసుకుని పుష్‌యాక్టివ్‌స్నాప్‌షాట్ చేయండి. ఎస్‌పీఐతో చదవండి, పాప్ చేయండి. చదివిన దానికి ముందు రాసుకున్న అంకెనే తగిలించండి. చదువుతుండగా సందేశం వస్తే అంకెలు కలవవు, వచ్చే కాల్‌లో మళ్లీ చదువుతుంది. తాజా స్నాప్‌షాట్ తీసుకోకుండా క్వెరీ స్నాప్‌షాట్‌తోనే చదివితే పెద్ద గుంట ఉంది: క్వెరీ మొదలయ్యాక రేటు మారింది, సందేశం అందింది, మనం పాత స్నాప్‌షాట్‌తో పాత రేటే చదివి తాజా అని ముద్ర వేశాం. ఇక ఆ కనెక్షన్ మూసేదాకా, లేదా రేటు మళ్లీ మారేదాకా పాత రేటే. బిజీ వేళల్లో మాత్రమే జరుగుతుంది కాబట్టి పరీక్షల్లో దొరకదు.

రిపీటబుల్ రీడ్, సీరియలైజబుల్ ట్రాన్సాక్షన్లలో తాజా రేటు ఇవ్వడం తప్పు. అవి తమ స్నాప్‌షాట్ నాటి ప్రపంచాన్నే చూడాలి. ఐసొలేషన్‌యూజెస్‌ఎక్సాక్ట్‌స్నాప్‌షాట్ ట్రూ అయితే కనెక్షన్ క్యాష్‌ని పక్కనబెట్టి క్వెరీ క్యాష్‌కి వెళ్లండి. పారలల్ క్వెరీ నడుస్తుండగా గెట్‌లేటెస్ట్‌స్నాప్‌షాట్ ఎర్రర్ ఇస్తుంది, లీడర్ ప్రాసెస్‌లో కూడా. కనెక్షన్ క్యాష్ ఉన్న ఫంక్షన్‌ని పారలల్ అన్‌సేఫ్ అనే ప్రకటించండి.

కొత్త క్యాష్‌ని ఆల్లాక్‌సెట్‌కాంటెక్స్ట్‌క్రియేట్‌తో ఇప్పటి కాంటెక్స్ట్ కింద పిల్లగా కట్టండి. అంతా నిండాక మెమరీకాంటెక్స్ట్‌సెట్‌పేరెంట్‌తో టాప్ మెమరీ కాంటెక్స్ట్ కిందికి మార్చి, అప్పుడు స్టాటిక్ పాయింటర్ మార్చండి. మధ్యలో ఎర్రర్ వస్తే సగం కట్టింది తల్లితోపాటే పోతుంది, పాతది చెక్కుచెదరదు.

ఇంకొక చిక్కు: ఒకే బిల్లు క్వెరీ నడుస్తుండగా రేటు మారితే మొదటి వెయ్యి వరుసలు ఒక రేటు, మిగతావి ఇంకో రేటు. ఇది వద్దనుకుంటే మొదటి కాల్‌లో కనెక్షన్ క్యాష్ పాయింటర్‌ని ఎఫ్‌ఎన్_ఎక్స్‌ట్రాలో పట్టుకుని, దాని వాడుక లెక్క ఒకటి పెంచండి. ఎఫ్‌ఎన్_ఎంసీఎక్స్‌టీ మీద మెమరీకాంటెక్స్ట్‌రిజిస్టర్‌రీసెట్‌కాల్‌బ్యాక్ పెట్టి, క్వెరీ పోయేటప్పుడు లెక్క తగ్గించండి. ఎర్రర్‌తో పోయినా అది నడుస్తుంది. పాత కాంటెక్స్ట్‌ని లెక్క సున్నా అయ్యాకే తీసేయాలి. పీఎల్/పీజీఎస్‌క్యూఎల్ ప్రొసీజర్ల నుంచి పిలిచేచోట మాత్రం ఇలా పట్టుకోకుండా ప్రతి కాల్‌కీ తరం అంకె చూడడమే సరి. రెండు అంకెల పోలికకు ఖర్చు లేదు.

అనుమతుల సంగతి: కనెక్షన్ క్యాష్‌ని ఒక రోల్ నింపితే, సెట్ రోల్ తర్వాత వచ్చిన ఇంకో రోల్ కూడా దాన్నే చూస్తుంది. పీజీబౌన్సర్‌లాంటి పూల్ (కనెక్షన్లను తెరిచి ఉంచి పంచిపెట్టేది) వెనక ఒకే కనెక్షన్‌ని ఎందరో వాడతారు. పట్టిక మీద రో లెవెల్ సెక్యూరిటీ ఉంటే, అంటే ఒక్కో కొనుగోలుదారుడికి ఒక్కో రేటు ఉంటే, గెట్‌యూజర్‌ఐడీ విలువను కూడా క్యాష్ కీలో కలపండి.

ఇతర డేటాబేస్‌లలో

ఎస్‌క్యూలైట్‌లో సెట్_ఆక్స్‌డేటా, గెట్_ఆక్స్‌డేటా ఉన్నాయి. కానీ అవి స్థిరమైన ఆర్గ్యుమెంట్‌కి కట్టిన దాపరికం, ఎప్పుడైనా పారేసే హక్కు ఇంజిన్‌కి ఉంది. కనెక్షన్ అంతా నిలవాలంటే ఫంక్షన్ నమోదు చేసేటప్పుడిచ్చే యూజర్ డేటా పాయింటర్ వాడాలి. మైఎస్‌క్యూఎల్ యూడీఎఫ్‌లో (మనం రాసుకునే ఫంక్షన్‌లో) ఇనిట్ ఫంక్షన్ ఇచ్చే పీటీఆర్ అనే పాయింటర్ స్టేట్‌మెంట్ ఆయుష్షుది. దాన్ని డీఇనిట్‌లో మనమే విడిచిపెట్టాలి.

7వ మెట్టు: కొలిచి చూడడం

లోడ్ జరిగే చోట డీబగ్1 స్థాయిలో ఒక ఈలాగ్ పెట్టి క్లయింట్_మిన్_మెసేజెస్ దానికి దించండి. జనరేట్_సిరీస్‌తో లక్ష వరుసల మీద ఫంక్షన్ నడిపితే సందేశం ఒక్కసారి రావాలి. కౌంట్, తేదీ రెండూ స్థిర విలువలుగా వేర్ షరతులో ఇస్తే రెండుసార్లు రావచ్చు. అంచనా కోసం ప్లానర్ స్టేబుల్ ఫంక్షన్‌ని తనూ ఒకసారి నడుపుతుంది. అది లోపం కాదు.

ప్రొడక్షన్‌లో పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌కి ట్రాక్ ఆల్ పెడితే లోపలి ఎస్‌పీఐ క్వెరీ విడిగా కనబడుతుంది. దాని కాల్స్ సంఖ్యే లోడ్‌ల సంఖ్య. ఫోన్ యాప్ క్వెరీల సంఖ్యతో అది సమానంగా పెరుగుతుంటే కనెక్షన్ క్యాష్ పని చేయడం లేదు, లేదా పూల్ ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుస్తోంది. మెమరీ కోసం పీజీ_బ్యాకెండ్_మెమరీ_కాంటెక్స్ట్స్ వ్యూ చూడండి. మన కాంటెక్స్ట్‌కి పెట్టిన పేరు అక్కడ కనబడుతుంది. రేటు పదిసార్లు మార్చి చూశాక ఆ పేరుతో ఒక్కటే వరుస ఉండాలి. పది ఉంటే వాడుక లెక్క ఎక్కడో తగ్గడం లేదు.

తాజాదనం పరీక్షకు రెండు సెషన్లు చాలు. మొదటి దానిలో ధర అడగండి, రెండో దానిలో బిగిన్ చేసి రేటు మార్చండి. కమిట్‌కి ముందు మొదటి సెషన్ పాత ధరే చెప్పాలి, కమిట్ తర్వాత కొత్తది చెప్పాలి. రెండో సెషన్‌లో మార్చి, లోపలే ధర అడిగి, రోల్‌బ్యాక్ చేసి మళ్లీ అడగండి, పాతది తిరిగి రావాలి. ఇవే అడుగుల్ని రిపీటబుల్ రీడ్‌లో కూడా నడపండి, అక్కడ కమిట్ తర్వాత కూడా మొదటి సెషన్ తన ట్రాన్సాక్షన్ ముగిసేదాకా పాత ధరే చెప్పాలి. పోస్ట్‌గ్రెస్‌తో వచ్చే ఐసొలేషన్ టెస్టర్‌లో వీటిని స్పెక్ ఫైల్‌గా రాసి పెట్టుకుంటే వెర్షన్ మారినప్పుడల్లా ఒక్క ఆదేశంతో అయిపోతుంది.

కోడ్ మార్చి మేక్ ఇన్‌స్టాల్ చేశాక అప్పటికే లైబ్రరీ ఎక్కించుకున్న కనెక్షన్లలో పాత కోడే ఉంటుంది. పూల్‌లో ఉన్న కనెక్షన్లు ఇలా రోజుల తరబడి నిలుస్తాయి. కొత్త లైబ్రరీ పెట్టాక పూల్‌ని కూడా రీకనెక్ట్ చేయించండి, సాయంత్రం పట్టుబడులు మొదలయ్యేలోపు.